పాత ఛార్జింగు బండి: లోపమును కనుగొను క్రమము

ఇటీవల మేము ఒక గ్రామ పంచాయతీ కార్యాలయములో సభ్యులతో మాటలాడుచుండగా, పాలు పోయు యువకుడొకడు తన బండిని త్రోసికొనుచు వచ్చి అరుగు ముందర నిలిపెను. పల్లెలలో ఛార్జింగు బండి యని పిలువబడు విద్యుత్ బండి యది. ఆతడు ప్రతిదినము ఉదయమున పాల క్యానులతో 7 కిలోమీటర్ల దూరమున నున్న శీతలీకరణ కేంద్రమునకు పోయి, మరల 7 కిలోమీటర్లు తిరిగి రావలెను. బండి కొన్న క్రొత్తలో ఒక్క ఛార్జింగుతో 40 కిలోమీటర్లు నడచినది. ఏడాదిన్నర క్రిందట బ్యాటరీలను మార్చినాడు. ఇప్పుడు తొమ్మిదవ కిలోమీటరు దాటకయే ఆగిపోవుచున్నది.

“అయ్యా, ఇది నన్ను మొయ్యడం మానేసింది. నేనే దీన్ని మోస్తున్నాను” అని ఆతడు చెప్పగా అందరును నవ్విరి గాని, ఆతని ముఖమున నవ్వు లేదు. పట్టణములోని దుకాణమువారు మీటరైనను పెట్టి చూడక, నాలుగు బ్యాటరీలును పోయినవని చెప్పినారట. క్రొత్తవి కొనవలెనన్న ఆతనికి రెండు నెలల పాలసొమ్ము కావలెను. సభ్యులలో వృద్ధులొకరు మావైపు తిరిగి, “ఈ అబ్బాయికి అప్పు ఇప్పించే మార్గం ఏదైనా ఉందాండీ?” అని యడిగిరి.

అప్పునకు ముందు పరీక్ష కావలెనని మేము చెప్పితిమి. ఏలయన పాత బండి ఆగిపోవుటకు బ్యాటరీ చచ్చుట యొక్కటే కారణము కాదు. ఛార్జరులో, తీగల కలయికలలో, బ్రేకులో, మీటలలో, మోటారులో నెచ్చటనైనను లోపముండవచ్చును. వీటిలో పెక్కింటికి ఖర్చు స్వల్పము. అన్నిటికంటె ఎక్కువ ఖర్చయిన వస్తువును అన్నిటికంటె ముందు మార్చుట బీదవానికి తగిన పద్ధతి కాదు. కొలిచి చూడక కొనరాదు. ఈ వ్యాసమున మేము చెప్పబోవు విషయమంతయు ఈ యొక్క మాటకు వివరణమే.

బండిలో నేమున్నది?

ఈ బండి నిర్మాణము మిక్కిలి క్రొత్తది కాదు. 1859లో ఫ్రాన్సు దేశీయుడైన గాస్టన్ ప్లాంటే సీసపు బ్యాటరీని కనుగొనెను. 1895లో అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనునాతడు చక్రమధ్యముననే మోటారు గల సైకిలునకు పేటెంటు పొందెను. నేటి బండిలోను మూలసూత్ర మదియే.

బండిలో ముఖ్యమైన భాగములు అయిదు. శక్తిని నిలువచేయునది బ్యాటరీ. ఇంటి కరెంటును బ్యాటరీకి తగినట్లు మార్చి నింపునది ఛార్జరు. చక్రమును త్రిప్పునది మోటారు. మోటారునకు ఎంత కరెంటు పంపవలెనో నిర్ణయించునది కంట్రోలరు. మనము చేతితో త్రిప్పగా కంట్రోలరునకు ఆజ్ఞ యిచ్చునది ఎక్సలేటరు పిడి. ఈ యయిదింటిని కలుపునవి తీగలును వాని కలయికలును. మనుష్యుని శరీరమున కీళ్ళ నొప్పులవలె, పాత బండిలో లోపములు పెక్కు ఈ కలయికలలోనే పుట్టును.

పాత బండ్లలో సాధారణముగా 12 వోల్టుల సీసపు బ్యాటరీలు నాలుగింటిని వరుసగా కలిపి 48 వోల్టులు గాని, అయిదింటిని కలిపి 60 వోల్టులు గాని చేయుదురు. ఒక్కొక్క బ్యాటరీలో ఆరు గదులుండును. 48 వోల్టులు, 20 ఆంపియర్ అవర్లు గల వరుసలో 960 వాట్ అవర్ల శక్తి నిలువయుండును. అనగా ఒక యూనిట్టు కరెంటునకు కొంచెము తక్కువ. ఆ కొంచెము శక్తియే పాలవానిని 40 కిలోమీటర్లు మోసినది. కావున దారిలో వృథాయగు ప్రతి వాట్టును లెక్కింపవలసినదే.

250 వాట్లకు తక్కువ సామర్థ్యమును, గంటకు 25 కిలోమీటర్లకు మించని వేగమును గలిగి, నిబంధనలకు లోబడిన బండ్లకు రిజిస్ట్రేషను గాని లైసెన్సు గాని అక్కరలేదు. ఇది సౌకర్యమే. కాని ఏ అధికారియు వాటిని పరీక్షింపడు గనుక, వాటి క్షేమము యజమాని చేతిలోనే యున్నదని గ్రహింపవలెను.

పరికరములు, జాగ్రత్తలు

పరీక్షకు కావలసినవి కొలదియే: ఒక మల్టీమీటరు, స్క్రూడ్రైవరు, స్పానర్లు, గరుకు కాగితము, ఇన్సులేషను టేపు, మోటారు కారు హెడ్‌లైటులో వాడు 12 వోల్టుల బల్బు ఒకటి. కొలతలను వ్రాసికొనుటకు ఒక నోటు పుస్తకము.

పని మొదలిడుటకు ముందు సీటు క్రింద నున్న ఎం.సి.బి.ని ఆపి, తాళపుచెవిని తీసివేయవలెను. చేతి ఉంగరములు, గడియారము, గాజులు తీసి ప్రక్కన పెట్టవలెను. బ్యాటరీ రెండు కొనలపై స్పానరు పడినచో వందలకొలది ఆంపియర్ల కరెంటు పారి, ఇనుము ఎఱ్ఱగా కాలి, చేయి కమిలిపోవును. అందుచేత స్పానరు పిడికి టేపు చుట్టవలెను. సీసపు బ్యాటరీ ఛార్జింగులో హైడ్రోజను వాయువు వెలువడవచ్చును గావున ఆ దాపున బీడీ గాని అగ్గిపుల్ల గాని వెలిగింపరాదు. ఛార్జరు పెట్టెను విప్పరాదు. దానిలో ఇంటి కరెంటు 230 వోల్టులు వచ్చును. ప్లగ్గు తీసిన తరువాత గూడ కొంతసేపు కొన్ని భాగములలో కరెంటు నిలిచియుండును.

మొదట చక్రమును త్రిప్పి చూడుడు

లోపము విద్యుత్తులోనే యుండవలెనను నియమము లేదు. బండిని స్టాండుపై నిలిపి చక్రమును చేతితో త్రిప్పవలెను. అది తేలికగా కొన్ని చుట్లు తిరుగవలెను. బ్రేకు రాచుకొనుచున్నను, బేరింగు పట్టుకొన్నను, టైరులో గాలి తక్కువయైనను బండి ఎక్కువ కరెంటును త్రాగును. ఖర్చులేని ఈ పరీక్షను ముందు చేయక, బ్యాటరీని నిందించుట న్యాయము కాదు.

రెండవది ఛార్జరు

48 వోల్టుల సీసపు బ్యాటరీలకు తగిన ఛార్జరు, బ్యాటరీకి తగిలింపక కొలిచినపుడు సాధారణముగా 55 మొదలు 59 వోల్టుల వరకు చూపును. ఇంతకు మిక్కిలి తక్కువగా నున్నచో బ్యాటరీ ఎన్నటికిని నిండదు. బ్యాటరీ మంచిదైనను సగము కడుపుతో ప్రయాణము చేసినట్లగును.

ఛార్జరు దీపమును గమనింపవలెను. బండి ఖాళీగా నున్నపుడు ఛార్జింగు పెట్టగా కొద్ది నిమిషములకే ఎఱ్ఱదీపము పోయి పచ్చదీపము వచ్చిన, కరెంటు లోనికి పోవుటలేదని యర్థము. తీగ తెగియుండవచ్చును, పిన్ను వదులై యుండవచ్చును, లేదా బ్యాటరీ లోపల గట్టిపడి యుండవచ్చును. దీనికి విరుద్ధముగా రాత్రియంతయు గడచినను పచ్చదీపము రాక, బ్యాటరీలు వేడెక్కుచున్నచో, ఒక గది చెడియుండవచ్చును, లేదా ఛార్జరే చెడియుండవచ్చును. అట్టి స్థితిలో ఛార్జింగును వెంటనే ఆపవలెను. ఉపేక్షించిన బ్యాటరీలు ఉబ్బును.

ఒకరి ఛార్జరును మరియొకరి బండికి పెట్టుట పల్లెలలో పరిపాటి. ఇది కూడని పని. పిన్ను పట్టినంత మాత్రమున ఛార్జరు పట్టినట్లు కాదు. ఒకే యాకారము గల పిన్నులలో ధన, ఋణ కొనలు ఒక్కొక్క తయారీలో ఒక్కొక్క విధముగా నుండును. ఇక సీసపు బ్యాటరీ ఛార్జరును లిథియం బ్యాటరీకి పెట్టుట మరింత యపాయము. 13 గదుల లిథియం బ్యాటరీ 54.6 వోల్టుల వద్ద నిండును. దానికి 59 వోల్టులు పంపుట యనగా నిండిన కుండలో నింకను నీరు పోయుటయే. ఇచ్చట పొరలునది నీరు కాదు, నిప్పు.

మూడవది కలయికలు

ఎం.సి.బి.ని ఆపి, ప్రతి బ్యాటరీ కొనను, ప్రతి కనెక్టరును చూడవలెను. తెల్లని లేక పచ్చని పొడి పేరుకొనుట, ప్లాస్టిక్కు నల్లబడుట లేక కరుగుట, తీగ కదలించిన ఊగుట, ఇవి లోపమునకు గుర్తులు. వర్షాకాలమున ఎలుకలు తీగలపై తొడుగును కొరుకుట గూడ సామాన్యమే.

కంటికి కానరాని లోపమును చేయి కనిపెట్టగలదు. బండిని పది నిమిషములు నడిపి తెచ్చి, ఎం.సి.బి.ని ఆపి, కలయికల తొడుగులను చేతి వెనుక భాగముతో మెల్లగా తాకి చూడవలెను. అన్నియు చల్లగా నుండి ఒకటి వేడిగా నున్నచో దొంగ దొరికినట్లే.

వదులైన కలయిక చేయు నష్టమును లెక్కతో చెప్పెదము. ఎత్తు ఎక్కునపుడు బండి 15 ఆంపియర్ల కరెంటును తీసికొనునని యనుకొందము. చెడిన కలయికలో 0.2 ఓముల నిరోధమున్నచో, అచ్చట 3 వోల్టులు పోవును. 45 వాట్ల శక్తి ఉష్ణముగా మారును. రేడియోలు బాగుచేయువారు టంకము పెట్టు కడ్డీ 25 వాట్లదే యైనను సీసమును కరిగించును. కలయిక యేల కాలిపోవునో దీనివలన తెలియగలదు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. బ్యాటరీలు మితిమీరి ఖాళీకాకుండ, 48 వోల్టుల బండిలో కంట్రోలరు సుమారు 42 వోల్టుల వద్ద మోటారును ఆపివేయును. దారిలో 3 వోల్టులు పోవుచున్నచో, బ్యాటరీలు 45 వోల్టులకు దిగగానే కంట్రోలరునకు 42 మాత్రమే కనబడును. బ్యాటరీలలో శక్తి మిగిలియుండగనే బండి నిలిచిపోవును. యజమాని బ్యాటరీ చచ్చినదనుకొనును. కొంతసేపు నిలిపిన తరువాత బండి మరల కదలి, ఎత్తు రాగానే మరల ఆగిపోవుచున్నచో ఈ లోపమును శంకింపవలెను. బలహీనమైన బ్యాటరీకిని ఈ లక్షణమే యుండును గనుక, కలయికలను ముందు సరిచేసి, పిదప బ్యాటరీని పరీక్షింపవలెను.

సరిచేయు విధము సులభము. కొనలను గరుకు కాగితముతో మెఱయునట్లు తోమి, బిగించి, పైన పలుచగా పెట్రోలియం జెల్లీ పూయవలెను. కాలిన కనెక్టరును తోమి వాడరాదు, మార్చవలెను. ఫ్యూజు పోయినచో అదే ఆంపియర్ల ఫ్యూజునే వేయవలెను. రాగితీగ చుట్టి పని గడుపుకొనువారు, ఇంటిని కాపాడు కావలివానిని తరిమివేసినవారగుదురు.

నాల్గవది బ్యాటరీ

బ్యాటరీలను పూర్తిగా నింపి, ఛార్జరు తీసి, మూడు నాలుగు గంటలు కదల్పక యుంచి, ఒక్కొక్క దానిని వేరువేరుగా కొలువవలెను. 12.7 వోల్టులు గాని అంతకు మించి గాని యున్న మంచిది. 12.2 ప్రాంతమున నున్నచో సగమే నిండినది. మిగిలినవన్నియు 12.7 చూపుచుండగా ఒకటి మాత్రము 10.6 చూపినచో, దానిలో ఒక గది చచ్చినదని యర్థము; ఏలయన ఒక్కొక్క గదికి రెండు వోల్టులకు కొంచెము పైన.

అయితే ఈ కొలత యొక్కటే చాలదు. ఖాళీ చేతులతో నిలుచున్నపుడు బలవంతుడును బలహీనుడును ఒకేరీతి కనబడుదురు. మూట నెత్తినప్పుడే బలము తెలియును. బ్యాటరీకి హెడ్‌లైటు బల్బే ఆ మూట. బ్యాటరీలను కలుపు తీగలను విప్పి, ఒక్కొక్క బ్యాటరీకి వేరుగా 60 వాట్ల బల్బును తగిలింపవలెను. అది సుమారు 5 ఆంపియర్లు తీసికొనును. అరగంట కొకసారి వోల్టులను వ్రాసికొని, 10.5 వోల్టులకు దిగగానే బల్బును తీసివేయవలెను. అంతకు దిగువకు పోనిచ్చిన బ్యాటరీకి హాని. బల్బు మిక్కిలి వేడెక్కును గనుక దానిని ఇటుకపై నుంచి, పిల్లలను దూరముగా నుంచవలెను.

మంచి స్థితిలో నున్న 20 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఈ బల్బును సుమారు నాలుగు గంటలు వెలిగింపవలెను. మూడు గంటలు వెలిగించిన, దాని బలము ముప్పాతిక నిలిచియున్నది. గంటన్నరకే దిగినచో దాని కాలము తీరినది. నాలుగింటిలో మూడు బాగుండి ఒకటి మాత్రము త్వరగా దిగినచో, వరుస యంతయు ఆ యొక్కదాని వేగముననే క్షీణించుచున్నదని తెలియవలెను. నాలుగెద్దుల బండిలో ఒక యెద్దు కుంటినచో మిగిలిన మూడును దాని నడకే నడువవలెను గదా!

అట్టి స్థితిలో ఒకటి మాత్రము క్రొత్తది వేయవచ్చునా యని యడుగుదురు. పాతవాని నడుమ క్రొత్తదానిని చేర్చుట మంచిది కాదు. ఛార్జింగులో ఒకటి ముందు నిండును, మరియొకటి వెనుకబడును, రెండును చెడును. మిగిలినవానితో సమానమైన బలముగల వాడిన బ్యాటరీ దొరికినచో దానిని వేసి కొంతకాలము గడుపవచ్చును. లేనిచో నాలుగింటిని ఒక్కసారి మార్చుటయే మేలు. కాని అప్పుడు కొలిచి, తెలిసి కొన్నట్లగును.

సీసపు బ్యాటరీకి రెండు శత్రువులు కలవు: ఆకలి, ఎండ. ఖాళీగా నున్న బ్యాటరీని దినములకొలది విడిచినచో లోపలి పలకలపై గంధకపు లవణము గట్టిపడి, మరల నిండు శక్తి తగ్గును. కావున బండి వాడిన దినముననే నింపవలెను. వాడని బండినైనను నెలకొకసారి నింపవలెను. అట్లే వేసవిలో ఎండన నిలిచి వచ్చిన బండిని వెంటనే ఛార్జింగు పెట్టక, నీడన చల్లారనిచ్చి పెట్టవలెను. వేడి పెరిగినకొలది బ్యాటరీ ఆయువు త్వరగా తరుగును.

అయిదవది: నిలిచియున్నపుడు తరుగుట

రాత్రి నింపి నిలిపిన బండి, పది దినములు వాడకుండగనే ఖాళీయగుచున్నచో, ఎచ్చటనో కరెంటు కారుచున్నదని యర్థము. కుండకు చిల్లి యెంత చిన్నదైనను తెల్లవారునప్పటికి నీరు తరుగును. 50 మిల్లీఆంపియర్ల కరెంటు ఎడతెగక పారినచో దినమునకు 1.2 ఆంపియర్ అవర్లు పోవును. 20 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పదునారు పదునేడు దినములలో సంపూర్ణముగా ఖాళీయగును.

ఈ కారుటకు కారణములు సాధారణముగా నాలుగు: దొంగలనుండి కాపాడు అలారము, దీపమునకును హారనునకును 12 వోల్టులు తయారుచేయు కన్వర్టరు, తరువాత తగిలించిన సెల్‌ఫోను ఛార్జింగు పిన్ను, నీరు చేరిన తాళపు స్విచ్చి.

కనుగొను విధ మిది. తాళము తీసి, బ్యాటరీ ఋణ తీగను విప్పి, ఆ రెండు కొనలను మొదట ఒక తీగముక్కతో కలుపవలెను. మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానమున నుంచి, దాని రెండు కడ్డీలను అవే కొనలకు తాకించి, పిదప తీగముక్కను తీసివేయవలెను. ముందు తీగతో కలుపకున్నచో కంట్రోలరు ఒక్క క్షణము లాగు అధిక కరెంటునకు మీటరులోని ఫ్యూజు పోవచ్చును. మీటరు తగిలియుండగా ఎట్టి పరిస్థితిలోను తాళము త్రిప్పి ఎక్సలేటరు ఇవ్వరాదు. ఇప్పుడు అలారము పిన్నును, కన్వర్టరు పిన్నును, ఇతర పిన్నులను ఒక్కొక్కటిగా తీయుచు పోవలెను. దేనిని తీసినపుడు అంకె దిగునో అదియే చిల్లి. దానిని బాగుచేయించువరకు, ప్రతి రాత్రియు ఎం.సి.బి.ని ఆపుటయే చాలిన చికిత్స.

బండి అసలు కదలనపుడు

దీపము వెలుగుచు మోటారు మాత్రము తిరుగనిచో, మొదట వెనుకనున్న బ్రేకు దీపమును చూడవలెను. బ్రేకు పట్టకున్నను అది వెలుగుచున్నచో, బ్రేకు పిడిలోని స్విచ్చి చిక్కుకొన్నది. బ్రేకు పట్టియున్నంతసేపు కంట్రోలరు మోటారునకు కరెంటు నీయదు. కొంచెము శుభ్రపరచిన సరిపోవును. సైడు స్టాండునకు స్విచ్చి యున్న బండ్లలో దానిని గూడ చూడవలెను.

తరువాత ఎక్సలేటరు. దానికి మూడు సన్నని తీగలుండును. ఒకదానిలో సుమారు 5 వోల్టులుండవలెను. మరియొకటి ఋణ తీగ. మూడవదానిలో పిడి త్రిప్పినకొలది వోల్టులు ఒకటికి తక్కువనుండి మెల్లగా మూడున్నరకు పైగా పెరుగవలెను. ఈ పరీక్ష చేయునపుడు చక్రము నేలకు తగులకుండ స్టాండుపై నిలుపుట మరువరాదు. 5 వోల్టులు వచ్చుచు మూడవ తీగలో మార్పు లేనిచో ఎక్సలేటరు పోయినది. అది అల్పమైన ఖర్చు.

బయలుదేరునపుడు బండి గుఱ్ఱుమని వణకి ముందునకు పోనిచో, మోటారులోని హాల్ సెన్సరులను శంకింపవలెను. చక్రము ఏ స్థానమున నున్నదో కంట్రోలరునకు తెలుపు చిన్న పరికరములవి, మూడుండును. చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచు కొలిచినచో, ఆ మూడు తీగలలోను వోల్టులు సున్నకును అయిదునకును మధ్య మారుచుండవలెను. మారని తీగయే లోపము గలది. ఇరుసు నుండి తీగలు వెలుపలికి వచ్చుచోట ఒరిపిడికి తెగుట పెక్కు తావుల కనబడును. అచ్చట ముందు చూడవలెను.

చక్రము చేతితో త్రిప్పుటకే బిగువుగా, ఆగి ఆగి తిరుగుచున్నచో, మోటారునకును కంట్రోలరునకును నడుమనున్న మూడు లావు తీగలను విప్పి, ఒకదాని కొకటి తగులకుండ నుంచి, మరల త్రిప్పవలెను. తేలికగా తిరిగిన కంట్రోలరు చెడినది. అప్పటికిని బిగువుగా నున్న మోటారులో గాని దాని తీగలలో గాని లోపమున్నది. ఒక్క నిమిషపు ఈ పరీక్ష తెలిసినచో, మోటారును అనవసరముగా విప్పు పని తప్పును.

నిప్పు విషయమున ఉపేక్ష కూడదు

క్రొత్తగా వచ్చిన బండ్లలో లిథియం బ్యాటరీలు వచ్చినవి. ఇవి తేలికైనవి, ఎక్కువ కాలము మన్నునవి. కాని వీటిని గ్రామములో విప్పి బాగుచేయరాదు. లోపలనున్న రక్షణ యంత్రము కరెంటును ఆపినచో, దానిని తప్పించి తీగ కలుపుట ప్రాణాపాయము. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోను, విజయవాడలోను, ఇంటిలో ఛార్జింగు పెట్టిన బండి బ్యాటరీలు ప్రేలి ప్రాణనష్టము జరిగినది. నిద్రించు గదిలో ఛార్జింగు పెట్టుట ఎంత ప్రమాదకరమో ఈ దుర్ఘటనలు తెలుపుచున్నవి.

కావున ఏ బ్యాటరీనైనను పడుకొను గదిలోను, గుమ్మము దారిలోను, పూరికప్పు క్రిందను, గడ్డివాము దాపునను ఛార్జింగు పెట్టరాదు. ఉబ్బినది, నీటిలో మునిగినది, క్రిందపడి సొట్టపోయినది, వింత వాసన వచ్చుచున్నది యగు లిథియం బ్యాటరీని ఛార్జింగు పెట్టక ఆరుబయట దూరముగా నుంచి, తయారీదారుల సేవాకేంద్రమునకు తెలుపవలెను. నిప్పంటుకొన్నచో మెయిను స్విచ్చిని ఆపి, మనుష్యులను దూరముగా పంపి, 101కి ఫోను చేయవలెను. ఆ పొగను పీల్చరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

ఇంతవరకు చెప్పినది యజమాని చేయవలసిన పని. పంచాయతీ చేయదగిన పనులును కలవు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణముచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో గ్రామీణ విద్యుదీకరణము, సాంకేతిక శిక్షణము పంచాయతీల కప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. ఆ స్ఫూర్తితో ఈ నాలుగు పనులను సూచించుచున్నాము.

ఒకటి: పంచాయతీ కార్యాలయమున ఒక మల్టీమీటరును, పరీక్షా బల్బును, ఒక నోటు పుస్తకమును ఉంచవలెను. బండి గలవారు నెలకొకసారి వచ్చి, తేదీ, ఒక్కొక్క బ్యాటరీ వోల్టులు, ఒక ఛార్జింగుతో నడచిన దూరము వ్రాయింపవలెను. మూడు నెలల అంకెలను చూచినచో ఏ బ్యాటరీ వెనుకబడుచున్నదో చదువురానివారికి గూడ చెప్పవచ్చును.

రెండు: కార్యాలయపు వరండాలోనో, గాలి వచ్చు వేరొక తావుననో ఛార్జింగు స్థలము ఏర్పరుపవచ్చును. మూడు పిన్నుల సాకెట్టు, సరియైన ఎర్తు, ఎం.సి.బి., కరెంటు నేలకు కారినచో ఆపు రక్షణ స్విచ్చి ఉండవలెను. పూరిండ్లలో నివసించువారికి ఇది గొప్ప యుపకారము.

మూడు: పాత బ్యాటరీలను ఊరిలో పగులగొట్టి సీసము కరిగించుటను మాన్పింపవలెను. ఆ పొగయు ధూళియు పిల్లల మెదడు పెరుగుదలను చెఱచును. ఆమ్లము నేలను, నీటిని చెఱచును. 2022లో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము పాత బ్యాటరీలను ఇతర చెత్తలో కలుపక, సేకరించు వారికో పునశ్శుద్ధి చేయువారికో అప్పగింపవలెను. తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులపై నున్నది. క్రొత్తది కొనునపుడు పాతదాని విలువను తగ్గింపించుకొనుట యజమానికిని లాభము.

నాలుగు: ఇండ్లకు వైరింగు చేయు యువకులలో ఒకరిద్దరికి ఈ పరీక్షలను నేర్పింపవలెను. దగ్గరలోని ఐ.టి.ఐ. ఉపాధ్యాయులను ఒక దినము పిలిపించినచో ఈ వ్యాసములోని పరీక్షలన్నియు కంటికెదుట చూపగలరు.

ఇక మా పాలవాని సంగతి. ఆ గ్రామములోని ఎలక్ట్రీషియను మీటరు తెచ్చెను. వెనుక చక్రమున బ్రేకు కొంచెము రాచుకొనుచుండెను, దానిని వదలించిరి. రెండవ బ్యాటరీకిని మూడవదానికిని నడుమనున్న కలయిక నల్లబడి, ప్లాస్టిక్కు కరిగియుండెను, దానిని మార్చిరి. ఆ రాత్రి బ్యాటరీలను నింపి, మరునాడు బల్బు పరీక్ష చేసిరి. నాలుగు బ్యాటరీలును ఇంచుమించు మూడు గంటలు వెలిగించినవి. వార్డు సభ్యురాలొకరు అంకెలన్నియు నోటు పుస్తకమున వ్రాసిరి. బండి మరల ఒక్క ఛార్జింగుతో 28 కిలోమీటర్లు నడచినదని వారము దినములకు మాకు కబురు వచ్చినది. క్రొత్తనాటి 40 రాలేదు, ఎన్నటికిని రావు. కాని ఆతనికి దినమునకు కావలసినవి 14 మాత్రమే.

మరియొక గ్రామములో ఇట్లే పరీక్షింపగా బల్బు గంటకే మసకబారినది. ఆ బ్యాటరీలు నిజముగా కాలము తీరినవే. ఆ యజమాని క్రొత్తవి కొనెను. దుకాణమువారి మాట నిజమని తెలిసి, సంశయము లేక కొనెను. మీటరు ఇద్దరికిని సత్యమునే చెప్పినది. ఒకరికి ఖర్చు తప్పినది, మరియొకరికి అనుమానము తప్పినది.

తమ గ్రామమున ఎన్ని ఛార్జింగు బండ్లు కలవో, వానిలో ఎన్ని మూలపడియున్నవో సభ్యులు రాబోవు సమావేశమునకు ముందు లెక్క తీయుదురుగాక. మూలపడిన వానిలో కొన్నియైనను ఒక తీగ బిగింపు కొరకే యెదురుచూచుచుండవచ్చును.